బండల గోడౌన్‌లో చెక్కభజన: ఒక పాత కేసెట్ సౌండు వెతికిన కేసు

నేపథ్యం

నేను కడపలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి వీడియోలకు పాటలు, తిరునాళ్లకు ప్రచారం, ఎన్నికలొస్తే ఆటోల్లో తిప్పే రికార్డింగులు, ఇదీ రోజువారీ పని. 2024 మొదట్లో ఒక చెక్కభజన దళం నా దగ్గరికి వచ్చింది. వాళ్ల పని ముగిసేసరికి, ఇరవై ఏళ్లుగా సరైనవే అనుకున్న కొన్ని పద్ధతులు నేను వదిలేయాల్సి వచ్చింది. దళం అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఊరు, మనుషుల పేర్లు, కేసెట్ కంపెనీ పేరు మాత్రం రాయను.

వచ్చినాయన దళానికి ఇప్పటి గురువు, నలభై దాటిన రైతు. సంచిలోంచి ఒక కేసెట్ తీసి బల్ల మీద పెట్టాడు. "అన్నా, మా పిల్లోళ్లు నేర్చుకునేదానికి కొత్తగా రికార్డింగు చేయల్ల. సౌండు మాత్రం ఇట్లే ఉండల్ల" అన్నాడు.

1980ల చివర్లో వచ్చిన కేసెట్ అది. చెక్కభజన చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. చేతిలో జత చెక్కలు, వాటికి బిగించిన బిళ్లలు, కాళ్లకు గజ్జెలు. గుండ్రంగా నిలబడి, గురువు పల్లవి అందిస్తే దళమంతా అందుకుని అడుగులు వేస్తారు. హార్మోనియం, డోలక్ పక్కన కూర్చుంటాయి. ఈ కేసెట్‌లో చెక్కలు పట్టినవాళ్లు పద్నాలుగు మందే. వింటే నలభై మంది ఉన్నట్టుంటుంది. ప్రతి చెక్క దెబ్బ వెనక ఒక పొడవైన మోత సాగుతుంది. డోలక్ ఏ మూల ఉందో చెప్పలేం, అన్ని మూలల్లోనూ ఉన్నట్టే ఉంటుంది. జిల్లాలో చాలామంది భజన నేర్చుకున్నది ఈ కేసెట్ పెట్టుకునే.

అది తీసిన నిర్మాత ఇప్పుడు లేడు. ఆయన గురించి రెండు మాటలు వినేవాళ్లం. గొప్ప చెవి ఉన్న మనిషి అని ఒకటి. గాయకుల్ని లోపల పెట్టి తలుపుకు తాళం వేసి, తెల్లారేదాకా పాడించి, చేతిలో బస్సు చార్జీలు పెట్టి పంపేవాడని ఇంకొకటి. ఈ దళానికి జరిగింది అంతకన్నా పెద్ద అన్యాయం. అట్ట మీద వీళ్ల పేరే లేదు. అప్పట్లో బాగా ఆడుతున్న వేరే ఊరి దళం పేరు వేసి అమ్మాడు. ఆ కేసెట్‌లో పాడిన గురువుకు ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి. ఊళ్లో అందరూ అయ్యవారు అంటారు, ఇక్కడ నేనూ అలాగే అంటాను.

వచ్చిన సమస్య

పైకి చూస్తే ఇది సౌండు సమస్య. పాత కేసెట్ సౌండు కొత్త రికార్డింగులో రావాలి. కానీ ఆ సౌండు ఎలా వచ్చిందో తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కడే మిగిలాడు, ఆయన ఆ కేసెట్ గురించి నోరు విప్పడు. దళంలో కుర్రవాళ్లకేమో ఇంకో నమ్మకం ఉంది. ఆ నిర్మాత అంత రాచిరంపాన పెట్టబట్టే అంత ఊపు వచ్చిందని. గురువు కూడా మొదటి రోజే అడిగాడు, "రాత్రంతా పాడిస్తే వస్తుందేమో అన్నా" అని. ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

మొదటి ప్రయత్నం: పాతదాన్నే విడదీయడం

నాకు ముందుగా తట్టింది సులువైన దారి. 2023 నవంబరులో ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ పేరుతో 'నౌ అండ్ దెన్' అనే పాట వచ్చింది కదా. ఆ బృందంలోని జాన్ లెనన్ ఇంట్లో కేసెట్ మీద పాడుకున్న డెమోలోంచి, గొంతునీ పియానోనీ సాఫ్ట్‌వేర్‌తో వేరు చేశారు. అదీ కేసెట్టే, ఇదీ కేసెట్టే. గొంతులు ఒకవైపు, చెక్కలు ఒకవైపు తీసి శుభ్రం చేసిస్తే చాలనుకున్నాను.

కేసెట్ లోపల టేపును, దాన్ని చదివే హెడ్‌కు ఆనించే చిన్న మెత్త ఊడిపోయి ఉంది. టేపును కొత్త డబ్బాలోకి మార్చి, హెడ్ కోణం చెవితో సరిచేసుకుంటూ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అంతవరకు బాగానే ఉంది. విడదీసేసరికి గొంతులు నీళ్లలోంచి మాట్లాడినట్టు వచ్చాయి. కారణం వెతికితే దొరికింది. ఈ సాఫ్ట్‌వేర్లు నేర్చుకున్నది ఎక్కువగా ఒక గొంతు, డ్రమ్స్, బేస్ గిటారు ఉండే పాటల మీద. చెక్క బిళ్లల గలగలా, మన 'స', 'శ' అక్షరాలూ దానికి ఒకే జాతిగా కనిపించాయి. చెక్కలు తీసేస్తే వాటితోపాటు సకారాలు పోయాయి. "సీతమ్మ" అన్నచోట "ఈతమ్మ" మిగిలింది. పైగా మోత ముందే టేపు మీద అచ్చయిపోయింది, గొంతు వెనక మోత ఏదో చెక్క వెనక మోత ఏదో వేరు చేయడం దాని వల్ల కాలేదు. లెనన్ డెమోలో ఒక్క మనిషి, ఒక్క పియానో. నేను రెంటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు.

రెండో ప్రయత్నం: నా స్టూడియో

నా గది పన్నెండు అడుగులకు పద్నాలుగు. గోడల నిండా ఫోమ్. అందులో పదహారు మంది పట్టరు కాబట్టి నలుగురు నలుగురుగా పిలిచి, చెవుల్లో క్లిక్ (వేగం తప్పకుండా టిక్ టిక్ అని కొట్టే శబ్దం) పెట్టి, ఒకరి మీద ఒకరిని పేర్చాను. తర్వాత కంప్యూటర్‌లో పెద్ద హాలులో మోగినట్టు వినిపించే రివర్బ్ వేశాను. ఇది నేను రోజూ చేసే పద్ధతే, దీన్ని అనుమానించడానికి కారణమేదీ కనిపించలేదు.

విన్నాక గురువు చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "పోలీసు పెరేడు మాదిరి ఉందన్నా" అన్నాడు. నిజమే. చెక్కభజన నెమ్మదిగా ఎత్తుకుని, కాళ్లు వేడెక్కేకొద్దీ వేగం పెంచుకుంటూ పోతుంది. క్లిక్ దాన్ని కట్టేసింది. అడుగు వేసే చోటు లేక అందరూ నిలబడి కొట్టారు. మడమ నేల తాకిన ఊపుతోనే చేయి చెక్క కొడుతుంది, అడుగు లేనప్పుడు దెబ్బలో బరువుండదు. రివర్బ్ ఎంత పెంచినా పొడి శబ్దం మీద పొగ కప్పినట్టే ఉంది. ఒకరి మైకులోకి ఇంకొకరి శబ్దం జొరబడితే మేం లీక్ అంటాం, దాన్ని ఆపడానికే నానా తంటాలు పడతాం. పాత కేసెట్‌లో ఉన్నదంతా లీకేనని అప్పుడు అర్థమైంది.

మధ్యలో ఒక పాత పాఠం

ఇక్కడ ఆగి అమెరికా పాటల నిర్మాత ఫిల్ స్పెక్టర్ గురించి మళ్లీ చదివాను. మా వృత్తిలో ఇలాంటి సౌండుకు 'వాల్ ఆఫ్ సౌండ్' (శబ్దపు గోడ) అని పేరు తెచ్చింది ఆయనే. 1960ల మొదట్లో హాలీవుడ్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో, పెద్దదేమీ కాని గదిలో, రెండు మూడు పియానోలు, వరసగా గిటార్లు, బేస్‌లు, డ్రమ్స్ అన్నీ కూర్చోబెట్టి ఒకేసారి వాయింపించేవాడు. అందరి శబ్దం అందరి మైకుల్లోకీ పోయేది. దాన్ని ఎకో గదిలోకి పంపేవారు. స్టూడియో యజమానుల్లో ఒకరైన డేవిడ్ గోల్డ్ కట్టించిన గదులవి, గోడలకు గట్టి సిమెంటు పూత. లోపల స్పీకర్ మోగుతుంటే, గోడలకు కొట్టుకుని వచ్చే మోతను ఇంకో మైకు పట్టేది. అంతా కలిపి మోనోలో, అంటే ఎడమ కుడి తేడా లేకుండా ఒకే శబ్దంగా దింపేవారు.

1962లో అక్కడ జరిగిన ఒక సంగతి నాకు బాగా పనికొచ్చింది. ఇంజనీర్ లారీ లెవీన్, అన్ని మైకులూ మూసి ఒక్కొక్కటిగా మళ్లీ తెరుస్తున్నాడు. గిటారిస్టు బిల్లీ స్ట్రేంజ్ మైకు ఇంకా తెరవలేదు, గిటారు పక్కవాళ్ల మైకుల్లోంచే వినపడుతోంది. స్పెక్టర్ అక్కడే ఆపించి, ఇలాగే రికార్డు చేయమన్నాడు.

ఆ మనిషి కథలో రెండో వైపు కూడా మా కేసు లాగే ఉంది. అదే 1962లో 'హీ ఈజ్ ఎ రెబెల్' పాడింది డార్లీన్ లవ్, బ్లాసమ్స్ బృందం. రికార్డు మీద పడిన పేరు మాత్రం క్రిస్టల్స్‌ది. ఆ పాట అమెరికా జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. ఆయన భార్య, గాయని రోనీ స్పెక్టర్, తనను ఇంట్లోనే బందీ చేశాడని తర్వాత రాసింది. 2003లో ఆయన ఇంట్లో నటి లానా క్లార్క్‌సన్ తుపాకి గుండుకు చనిపోయింది. 2009లో హత్య నేరం రుజువైంది. 2021 జనవరిలో, శిక్ష అనుభవిస్తూనే పోయాడు.

ఇవన్నీ రాయడం ఎందుకంటే, నా ముందున్న ప్రశ్న అదే. ఆ సౌండులో ఎంత భాగం ఆ మనిషిది? గోల్డ్ స్టార్‌లో గదులు కట్టింది గోల్డ్. మీటలు తిప్పింది లెవీన్. వాద్యాల కూర్పు రాసింది జాక్ నిట్షే. డ్రమ్స్ మీద హాల్ బ్లెయిన్. వీళ్లందరినీ ఒక చోట చేర్చి, ఏది ఉంచాలో ఏది వద్దో తేల్చిన చెవి స్పెక్టర్‌ది. ఆ చెవి గొప్పదే, కాదనను. ఆ క్రూరత్వం మాత్రం ఏ మైకులోకీ వెళ్లలేదు. మా కేసులోనూ అలాగే విడదీసి చూడాలనుకున్నాను: గది ఏమిచ్చింది, మనుషులేమిచ్చారు, తాళం వేసిన చేయి ఏమిచ్చింది.

అయ్యవారి అరుగు మీద

ఆయన ఇంటికి వెళ్లాను. "ఆ మనిషి పేరు మా ఇంట్లో ఎత్తొద్దు నాయనా" అన్నాడు ముందే. ఎత్తలేదు. "ఆ పొద్దు చెక్క కొడితే మీ చెవికి ఎట్ల వినపడె?" అని మాత్రం అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "బావిలో దిగి కొట్టినట్టుండె" అన్నాడు. అక్కణ్నుంచి మాట సాగింది. పాడింది స్టూడియోలో కాదు. శెనక్కాయలు నిల్వ చేసే గోడౌన్‌లో. గోడలు రాతివి, నేల కడప బండ, పైన బండల మిద్దె.

కేసెట్‌లో మొదటి పాట ల్యాప్‌టాప్‌లో వినిపించాను. రెండు చరణాలు విని తల అడ్డంగా ఊపాడు. "ఈ గొంతు నాది కాదు." గురువు నా వైపు చూశాడు, పెద్దాయన కోపంతో అంటున్నాడనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. అయ్యవారు లోపలికి వెళ్లి హార్మోనియం తెచ్చి, గుడ్డతో మెట్లు తుడిచి, తిత్తి ఊది ఒకటిన్నర శ్రుతి పట్టాడు. "నేను పుట్టినకాడి నుంచి ఈడ పాడేవాణ్ని. మీ డబ్బాలో రెండు శ్రుతిలో పాడతాండాడు. యాడ కలుస్తాది?"

ల్యాప్‌టాప్ పక్కన హార్మోనియం పెట్టి వాయించాం. ఆయన అన్నది అక్షరాలా నిజం. రీడ్లు ఏళ్లు గడిస్తే కొద్దిగా దిగుతాయి, కానీ అర మెట్టు తేడా రాదు. స్టూడియోకి వచ్చి ఇంకో రకంగా సరిచూశాను. పాత రికార్డింగుల్లో కరెంటు హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే రొద, సన్నగా ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఈ కేసెట్‌లో హమ్ 53 దగ్గర కనిపించింది. నా డెక్ వేగం టెస్ట్ టేపుతో చూసుకున్నాను, తప్పు దానిలో లేదు. అంటే కాపీలు తీసేటప్పుడు అసలు టేపును ఆరు శాతం వేగంగా తిప్పారు, శ్రుతిలో అది అర మెట్టు. గంట కేసెట్‌లో ఒక్కో పక్కకు ముప్పై నిమిషాలే. ఒక పాట కాస్త ఎక్కువైతే ఇలా ఇరికించడం అప్పట్లో ఉన్నదే.

ఇది నాకు ఈ కేసులో అన్నింటికన్నా బాధ కలిగించిన విషయం. నిమిషానికి వంద అడుగులు వేయాల్సిన చోట, ఇన్నేళ్లుగా కుర్రవాళ్లు నూట ఆరు వేస్తున్నారు. చివరి చరణానికి ఊపిరి అందక, గురువు రొప్పుతూ పాడటం నేను చూశాను. తమకు చేతకావడం లేదని వాళ్లు అనుకుంటున్నారు. అసలు గొంతున్న మనిషి అదే ఊళ్లో అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఆయన్ను ఎవరూ అడగలేదు.

మూడో ప్రయత్నం, మూటలు

ఫిబ్రవరిలో గోడౌన్ యజమానిని అడిగి లోపలికి వెళ్లాం. సగం వరకు శెనక్కాయల మూటలు. అయినా ఆశతో రికార్డు చేశాను. చప్పగా వచ్చింది. బెలూన్ పగలగొట్టి చూస్తే మోత ఒక సెకను కూడా నిలవడం లేదు. గోనె మూటలు శబ్దాన్ని తాగేస్తున్నాయి, నా ఫోమ్ గదికీ దీనికీ పెద్ద తేడా లేదు. గది పేరు ఒకటే అయితే సరిపోతుందనుకున్నాను. అయ్యవారికి చెబితే, "ఆ పొద్దు మూటలు యాడివి? ఎండాకాలం కదా, అంతా అమ్ముడుపోయింటాది" అన్నాడు. గురువుకు తొందరగా ఉంది, ఉగాదికి కావాలన్నాడు. నేను ఆగమన్నాను. సరుకు బయటికి పోయేదాకా ఆగాం.

ఆ ఖాళీ సమయంలో, గురువు మొదట అడిగిన ప్రశ్నకు జవాబు వెతికాను. రాత్రంతా పాడిస్తే ఊపు వస్తుందా? వేగం సరిచేసిన కేసెట్‌ను రెండు పక్కలా పెట్టి, చెక్క దెబ్బలు తెర మీద పెద్దవి చేసి చూశాను. ఒకటో పక్కలో పద్నాలుగు దెబ్బలూ ఒకే గీత మీద పడుతున్నాయి. రెండో పక్క చివరి పాటలో దెబ్బలు చెదిరిపోయాయి, వేగం పెరగాల్సిన చోట కుంగింది, గొంతులు జీరపోయాయి. అయ్యవారిని అడిగితే, ఒకటో పక్క పాటలు అర్ధరాత్రికి ముందే అయ్యాయని, చివరిది కోడి కూసే వేళకు పాడామని చెప్పాడు. జనం ఇన్నేళ్లు మెచ్చుకున్నది ఒకటో పక్కనే. అంటే మనుషులు హుషారుగా ఉన్నప్పుడు పాడినదే నిలిచింది. తాళం వేసి పాడించినది చెడిపోయింది. తెర మీది గీతలు గురువుకు చూపించాను. రాత్రి మాట మళ్లీ ఎత్తలేదు.

పనిచేసింది

ఏప్రిల్ చివర్లో గోడౌన్ ఖాళీ అయింది. ఉత్త గదిలో బెలూన్ మోత నాలుగు సెకన్లు దాటింది, పదహారు మంది లోపలికి వచ్చాక మూడుకు దిగింది. పాత కేసెట్‌లో మోత దాదాపు అంతే. బండలు కాగకముందే ముగించాలని ఉదయం ఆరింటికి పెట్టాం. అందరికీ రాగి సంగటి కాదుగానీ ఇడ్లీలు, టీ ముందే తెప్పించాను. తలుపులు రెండూ బార్లా తీసే ఉంచాం. బయట పక్షుల అరుపు రికార్డింగులో ఉంది, ఉండనిచ్చాను.

వలయం నడుమ, మనిషి తలకన్నా కొంచెం ఎత్తులో ఒక మైకు. దూరపు మూలలో, గోడ వైపు తిప్పి ఇంకొకటి, మోత కోసం. డోలక్‌కు విడిగా ఒకటి పెట్టాను. క్లిక్ లేదు. ఒకటిన్నర శ్రుతి, అయ్యవారి హార్మోనియం. మొదటి టేకులో డోలక్ ముందుకొచ్చి మొరటుగా ఉంది. బిల్లీ స్ట్రేంజ్ సంగతి గుర్తొచ్చి డోలక్ మైకు మూసేశాను. వెంటనే ఆ శబ్దం గది నిండా పరుచుకుంది, పాత కేసెట్‌లో ఉన్నట్టే. మూడో టేకు ఉంచాం. మధ్యలో అరగంట విశ్రాంతి. తొమ్మిదిన్నరకల్లా నాలుగు పాటలు అయిపోయాయి.

స్టీరియోలో ఇద్దామా అని ఆలోచించి మోనోకే వచ్చాను. దీన్ని వినేది గుడి మైకుసెట్టు హారన్‌లో, ఫోన్ స్పీకర్‌లో. అక్కడ ఎడమ కుడి ఉండవు, స్టీరియోలో అందంగా పరిచినది అక్కడ పలచబడుతుంది. ఇప్పటికీ నా దగ్గరికి ఫోమ్ గదిలో చేయాల్సిన పనులే ఎక్కువగా వస్తాయి, ఒక్క గొంతుకు అదే మంచిది. గుంపు పాడే పాట వస్తే మాత్రం ఇప్పుడు ముందుగా అడిగేది, మీరు మామూలుగా ఎక్కడ నిలబడి పాడతారని. తర్వాతే మైకుల మాట.

పేర్లు

కొత్త రికార్డింగుకు ఒక కాగితం రాసుకున్నాం. పదహారు మంది పేర్లు, రికార్డింగు దళానిదే అని, నాకు రోజు కూలి ముట్టిందని. మన కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగుకు కర్త నిర్మాతే, హక్కు అరవై ఏళ్లు. పాడేవాళ్లకంటూ హక్కులు చట్టంలోకి వచ్చింది 1994 సవరణతో. ఆ కేసెట్ అంతకు ముందుది. అందుకే వేగం సరిచేసిన పాత పాటలు బయట పెట్టడానికి నిర్మాత కొడుకు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. ఆయన విని, వేరే దళం పేరు తీసేసి అసలు పేరు వేయడానికి సంతకం పెట్టాడు.

గురువుకు నిర్మాత పేరు ఎక్కడా ఉండకూడదని పట్టుదల. తండ్రి పేరు ఉంచండి అని కొడుకు అడగలేదు. తేల్చింది అయ్యవారే. "గోడౌన్ చూసిపెట్టింది ఆయప్పే. ఆ మాట అబద్ధం చేయొద్దు. మా పేర్ల కింద రాయండి" అన్నాడు. అలాగే రాశాం.

పాత దళంలో పద్నాలుగు చెక్కలు, హార్మోనియం, డోలక్. అయ్యవారు పద్నాలుగు పేర్లు చెప్పగలిగాడు. పోయినవాళ్ల పేర్లు చెప్పేటప్పుడు తండ్రి పేరుతో సహా చెప్పాడు, అదీ రాసుకున్నాం. పాటలు బయటికి వచ్చిన పదిహేను రోజులకు, పక్క ఊరి నుంచి ఒకామె ఫోన్ చేసింది. మూడో పాటలో చివర హెచ్చుగా అందుకునే గొంతు వాళ్ల నాయనదట. పేరు చేర్చాం. ఇంకొక్కరిది తెలియాలి. ఆయన డోలక్ వాయించాడు, పెండ్లి చేసుకుని పొరుగు జిల్లాకు వెళ్లిపోయాడని మాత్రం తెలుసు. గురువు తిరునాళ్లకు పోయిన ప్రతిచోటా అడుగుతున్నాడు.